మర్ఫా మనది, మరి వాయించినవాళ్లు?

రామచంద్రాపురం, పటాన్‌చెరు, బొల్లారం, ఇస్నాపూర్, పాశమైలారం. ముంబై రోడ్డుకు అటూ ఇటూ ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన ఈ బస్తీల్లో పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, రోజూ ఏదో ఒక గల్లీలో బరాత్ కదులుతుంది. పెళ్లికొడుకు కారు ముందున్న కుర్రాళ్లు అడిగేది ఒకటే, తీన్‌మార్. వినాయకుడు చెరువుకు బయలుదేరినా అదే, బోనం గుడికి కదిలినా అదే, ఎన్నికల్లో గెలిచినాయన ఇంటికొచ్చినా అదే. 2011లో పవన్ కల్యాణ్ సినిమాకు ఆ పేరు పెట్టారు, టీవీ వార్తల కార్యక్రమానికీ పెట్టారు. తెలంగాణ కాళ్లలో ఇంతగా కలిసిపోయిన ఈ దరువును పెంచి మన చేతికిచ్చినవాళ్లలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిల సంతతి ఉంది. హైదరాబాద్‌లో వాళ్లను సిద్దీలంటారు. రాజుల కొలువు పోయిన తర్వాత వాళ్ల డోలు మేళమైన మర్ఫాను బతికించింది ఇరుగుపొరుగు పెళ్లిళ్లే. ఏ అకాడమీ పూనుకొని కాపాడింది లేదు. కాని అదే బజారు దరువును తన దగ్గర ఉంచుకొని, దరువేసినవాణ్ని పక్కకు జరిపింది. వలస వచ్చినవాళ్ల సంగీతాన్ని మన వారసత్వమని చెప్పుకోవాలంటే, దాన్ని వాయించే మనిషి కూలికి, హోదాకు, పేరుకు కూడా పూచీ పడాలని నా వాదన.

ఈ కథ హైదరాబాద్‌లో మొదలైంది కూడా కాదు. పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా పోయే రోడ్డు పట్టుకుంటే బీదర్ చేరతాం. 1956 దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు బీదర్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చాయి, 2016లో సంగారెడ్డి జిల్లాలో కలిశాయి. అంటే నేటి సంగారెడ్డి జిల్లా పడమటి భాగం చరిత్ర సగం బీదర్ చరిత్రే. 15వ శతాబ్దంలో బహమనీల రాజధానిగా వెలిగిన ఆ ఊళ్లో హబ్షీలని పిలిచే ఆఫ్రికన్లు సైన్యంలో, దర్బారులో పెద్ద పెద్ద పదవులు చేశారు. ఊరి బయట గుట్ట మీద వాళ్ల సమాధులున్న చోటును ఇప్పటికీ హబ్షీకోట్ అనే పిలుస్తారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపించి 1626లో కన్నుమూసిన మాలిక్ అంబర్ దక్కనులో ఎవరికీ కొత్త కాదు. హైదరాబాద్‌లో హబ్సిగూడ, సిద్దిఅంబర్ బజార్ అన్న పేర్లు ఊరికే పుట్టలేదు. దక్కనులో ఆఫ్రికన్లు నిన్నో మొన్నో దిగిన పరాయివాళ్లన్న మాట ఇక్కడే వీగిపోతుంది. మనం పాత కాపులమని చెప్పుకునే చాలా ఊళ్ల కన్నా ఈ మనుషుల జాడ పాతది.

అయితే మర్ఫా వాయించే నేటి కుటుంబాలు ఎక్కువగా 19వ శతాబ్దపు వలసకు చెందినవి. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికన్ సిపాయిల దళం ఒకటి ఉండేది. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అన్న పేరుతో నిజాం ఊరేగింపుల్లో గుర్రాల మీద నడిచేది. మాసబ్‌ట్యాంక్ పక్కన వాళ్లుండే లైన్లే ఇప్పటి ఏసీ గార్డ్స్. బస్సు కండక్టర్ రోజుకు వందసార్లు అరిచే ఈ పేరులో మొదటి అక్షరం ఆఫ్రికా అని ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ పెద్దగా తెలియదు. ఇథియోపియా, సోమాలియా, జాంజిబార్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ ఒక్క బస్తీ అయ్యాయి, ఉర్దూ మాట్లాడాయి, హైదరాబాదీలయ్యాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యాలు రద్దయ్యాయి. గుర్రం పోయింది, జీతం పోయింది, యూనిఫాం పోయింది. చేతిలో మిగిలింది తాతల నుంచి వచ్చిన వాయిద్యం. ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిండా యిమెనే ఈ సమాజం మీద 2004లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ల గురించి పూర్తి స్థాయి పుస్తకం రాయడానికి ఇథియోపియా నుంచే ఒకాయన రావలసి రావడం మన చరిత్రకారుల పట్టింపు ఏపాటిదో చెబుతుంది.

మర్ఫాలో ఆడంబరం లేదు. తక్కువ లోతున్న గిన్నెలాంటి డోలు మెడలో వేలాడుతుంది, సన్నటి పుల్లలతో గబగబా వాయిస్తారు. పక్కన పెద్ద డోలు బరువైన దెబ్బ వేస్తుంది. స్టీలు బిందె, థాపీ అనే చెక్క పట్టీలు మధ్య ఖాళీలు నింపుతాయి. పాట ఉండొచ్చు, లేకపోవచ్చు. దరువు నింపాదిగా మొదలై, ఒకరు పెంచితే రెండోవారు అందుకుంటూ, చివరకు కత్తి, కర్ర తిప్పేవాడు మధ్యలోకి దూకేదాకా పోతుంది. కత్తీ కర్రా తిప్పడంలో సిపాయి తాత ఇంకా కనిపిస్తాడు. రాజు ముందు వాయించిన చేతులే ఆ తర్వాత పాతబస్తీ నిఖాలో వాయించాయి, కాయస్థుల ఇంటి పెళ్లిలో వాయించాయి, గణేశుడి ముందు వాయించాయి. మతం, కులం ఈ దరువును ఆపలేదు, పిలిచిన ఇంటికల్లా వెళ్లింది. నిజాం సైన్యంతో పాటు అంతరించవలసిన సంగీతం అంతరించకపోవడానికి కారణం ఇదే. దానికి గిరాకీ ఉంది. కచేరీ హాలు కోసం పుట్టిన విద్య అయ్యుంటే ఆ రెండు మూడేళ్లలోనే ముగిసిపోయేది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మర్ఫా అరబ్బులదని, సిద్దీలది కాదని వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో పస లేకపోలేదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి సిపాయిలుగా వచ్చిన అరబ్బులు చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో స్థిరపడ్డారు. మర్ఫా వాళ్లదీ. యెమెన్, గల్ఫ్ తీరాల్లో ఆ పేరుతోనే డోలు ఉంది. కాని ఆ తీరాల సంగీతాన్ని ఆఫ్రికా నుంచి వేరు చేయడం ఎవరి తరమూ కాదు. ఒమన్ నుంచి బహ్రెయిన్ దాకా ఆడే లీవా అన్న డోలు నృత్యం తూర్పు ఆఫ్రికా నుంచి పడవలెక్కి వచ్చిందే. హిందూ మహాసముద్రంలో శతాబ్దాల పాటు సరుకు, మనుషులు, బానిసలు అటూ ఇటూ నడిచిన దారిలో దరువులూ నడిచాయి. హైదరాబాద్‌లో ఆ రెండు సిపాయి బస్తీల వాళ్లూ ఒకే కొలువులో పక్కపక్కన పనిచేశారు. కాబట్టి మర్ఫా అరబ్బుదా, ఆఫ్రికన్‌దా అని తేల్చమనడం వృథా ప్రయాస. తేల్చవలసింది మరొకటి, ఎవరు దాన్ని పొట్టకూటి వృత్తిగా మోసుకొచ్చారన్నది. ఆ లెక్కలో ఏసీ గార్డ్స్ సిద్దీల పేరు ముందు వరుసలో ఉండాలి.

రెండో అభ్యంతరం నాకు ఇంకా గట్టిగా తోస్తుంది. తీన్‌మార్ మన డప్పుదేనని, దాన్ని ఆఫ్రికా ఖాతాలో వేయడం మాదిగ డప్పు కళాకారులకు అన్యాయమని అంటారు. నిజమే, ఈ నేల మీద డప్పు ముందు నుంచీ ఉంది. గడ్డిమంట వేసి తోలు కాచి, కుడిచేత చిర్ర, ఎడమచేత సన్నపుల్ల పట్టుకొని చావుకూ పెళ్లికీ జాతరకూ కొట్టిన చేతులు మన పల్లెలవే. నగరం వీధిలో మర్ఫా, డప్పు, తాషా, బ్యాండు మేళం ఒకదాన్నొకటి విన్నాయి, ఒకరి దెబ్బ ఇంకొకరు పట్టుకున్నారు. ఇవాళ పటాన్‌చెరు బరాత్‌లో వినబడే తీన్‌మార్ ఈ అందరి ఉమ్మడి ఆస్తి. సిద్దీకి వాటా ఇచ్చినంత మాత్రాన మాదిగ వాటా తగ్గదు. పైగా ఈ రెండు సమాజాల అనుభవమూ ఒకటే. డప్పు లేనిదే ఊళ్లో శుభమూ లేదు అశుభమూ లేదు, డప్పు కొట్టేవాడికి మాత్రం పెళ్లి పంక్తిలో చోటు లేదు. అయినా డప్పుకు ఒక మలుపు దొరికింది. దళిత ఉద్యమాలు దాన్ని తలెత్తుకునే గుర్తుగా మార్చాయి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఉద్యమ సభలు దాన్ని తెలంగాణ వేదిక మీదికెక్కించాయి. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా ఐదు వందలకు పైగా కళాకారులకు ప్రభుత్వ ఉద్యోగాలొచ్చాయి. ఉద్యమం వెన్నుదన్నుగా నిలిస్తే కళకు మర్యాద, కళాకారుడికి జీతం రెండూ సాధ్యమేనని రుజువైంది. మర్ఫాకు అలాంటి ఉద్యమం దొరకలేదు. చిన్న సమాజం, ఓట్లు తక్కువ, ఉర్దూ మాట్లాడే పేద ముస్లింలు, పైగా మొహం చూడగానే పరాయివాడనుకునే రంగు.

దరువు బతికే ఉంది కదా, ఎవరు కొట్టారన్న పట్టింపు దేనికి అనేది మూడో మాట. ప్రపంచం ఆ పట్టింపు లేకుండా నడవడం లేదు. కాంగో నది తీరాల నుంచి బానిసలతో క్యూబా చేరిన లయలు అక్కడ కొత్త రూపు దాల్చి, గ్రామఫోన్ రికార్డుల మీద తిరిగి కాంగో వచ్చి, కాంగో రుంబా అయ్యాయి. 2021లో రెండు కాంగో దేశాలూ కలిసి దాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి. విదేశాల్లో స్థిరపడిన కాంగో సంగీతకారుడు ఆ రుంబా వాయించి తన ఊరి యుద్ధం గురించి, అనాథ పిల్లల గురించి మాట్లాడితే జనం ఆగి వింటున్నారంటే, సంగీతానికీ మనిషికీ మధ్య ఉన్న ముడి తెగకపోవడమే కారణం. దూరమెందుకు, గుజరాత్ చూడండి. అక్కడి సిద్దీలు బావా గోర్ దర్గా దగ్గర ఆడే గోమా ధమాల్‌ను యూరప్ వేదికల దాకా తీసుకెళ్లారు. గుజరాత్‌లో కొన్ని జిల్లాల్లోనూ, 2003 నుంచి కర్ణాటకలో కొన్నిచోట్లా సిద్దీలకు షెడ్యూల్డ్ తెగ హోదా ఉంది. జాంబూర్ గ్రామంలో సిద్దీ మహిళలను కూడగట్టిన హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. శాంతారామ్ సిద్దీ 2020లో కర్ణాటక శాసనమండలిలో అడుగుపెట్టారు. మన దగ్గర సిద్దీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో లేరు. 2007లో ఉమ్మడి రాష్ట్రం చట్టంతో తెచ్చిన వెనకబడిన ముస్లింల బీసీ-ఈ జాబితాలో సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ అన్న పేర్లు చేరాయి. అదే చట్టం అరబ్బులను మినహాయించింది. మర్ఫాను పంచుకున్న రెండు సమాజాల్లో ఎవరు ఎంత వెనకబడ్డారో ప్రభుత్వమే తేల్చి రాసిందన్నమాట. రాసిన తర్వాత ఆ సమాజపు విద్య గురించి అడిగినవాడు లేడు.

ఇప్పుడు మర్ఫా మీద పడిన దెబ్బ డీజే. పెన్‌డ్రైవ్‌లో అదే తీన్‌మార్, మోత పదింతలు, పదిమంది వాయిద్యకారుల కూలి మిగులు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అది శబ్దం బాధ తప్పించడానికి చేసిన పనే అయినా, తోలు వాయిద్యాల వాళ్లకు ఒక సందు తెరిచింది. ఆ సందు మూసుకుపోకముందే భాషా సాంస్కృతిక శాఖ చేయగలిగిన పనులున్నాయి. పెద్దతరం వాయిద్యకారుల దరువులను వరసల వారీగా రికార్డు చేయాలి, మర్ఫా వాళ్లకు గుర్తింపు కార్డు, పింఛను ఇవ్వాలి, ప్రభుత్వ ఉత్సవాల్లో పిలిచినప్పుడు బృందం పేరు మైకులో చెప్పాలి. అన్నిటికన్నా తేలికైనది ఆ చివరిదే, అదే జరగడం లేదు.

పటాన్‌చెరు బెల్టుకు వలస వచ్చినవాళ్ల పేరు నిలపడం మరీ ముఖ్యం. ఇక్కడి ఫ్యాక్టరీలు ఇవాళ ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ మనుషుల మీద నడుస్తున్నాయి. పాశమైలారంలో 2025 జూన్ 30న పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల జాబితాలో ఊళ్ల పేర్లు చదివాకగానీ ఎంత దూరం నుంచి వచ్చారో చాలామందికి తెలియలేదు. ఆ మనుషులూ పాటలు తెచ్చుకున్నారు. షిఫ్టు దిగాక అద్దె గదుల్లో ఒడియా కీర్తనలకు తాళాలు మోగుతాయి, ఛఠ్ పండుగ నాడు చెరువు గట్ల మీద భోజ్‌పురి ఆడవాళ్ల పాట తెల్లవారేదాకా సాగుతుంది. ఇవి మన సంగీతం కాదని ఇవాళ మనం అనొచ్చు, ఒకప్పుడు మర్ఫానూ అలాగే అనుకొని ఉంటారు. ఇంకో యాభై ఏళ్లకు వీటిలో ఒక దరువు సంగారెడ్డి పెళ్లిళ్లలోకి చేరి, ఎవరిదో తెలియని తెలంగాణ దరువైపోవచ్చు. ఆ పని ఈసారి పేర్లతో సహా జరగాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి. పారిశ్రామికవాడ పక్క ఊళ్ల బడుల్లో చదివే ఒడియా, బిహారీ పిల్లలను వాళ్ల ఇంటి పాట పాడమని అడగాలి, ఊరి జాతరలో వాళ్ల మేళానికి కూలి కట్టి పిలవాలి, ఎవరు పాడారో, ఏ జిల్లా నుంచి వచ్చారో పంచాయతీ పుస్తకంలో రాసిపెట్టాలి.