నగరంలో యోగా కేంద్రం ఎంపిక ఎలా?
గ్రామీణులు, శ్రామిక కుటుంబాల వారు చేరే ముందు తెలుసుకోవలసిన అంశాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: చదువు, ఉద్యోగం, వైద్యం నిమిత్తం ఈ ప్రాంతాల నుంచి హైదరాబాద్ చేరుకుంటున్న కుటుంబాలు అనేకం. కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటలో గది తీసుకున్న యువకులు, మనవల ఆలనాపాలనా చూడడానికి వెళ్లిన పెద్దలు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చి నగరంలో పని వెతుక్కుంటున్న వారు వీరిలో ఉన్నారు. నడుము నొప్పి, మధుమేహం, నిద్రలేమి వంటి సమస్యలకు యోగా చేయమని వైద్యులు సూచించడం సాధారణమైంది. అయితే కేంద్రానికి వెళ్లిన తర్వాత ఆంగ్లంలో సాగే బోధన, ఖరీదైన దుస్తులు, ఏడాదికి ఒకేసారి కట్టమనే రుసుము చూసి గుమ్మం వద్దే వెనుదిరిగే పరిస్థితి ఎదురవుతోంది. కొద్దిపాటి అవగాహన ఉంటే తగిన కేంద్రాన్ని ఎంచుకోవడం కష్టం కాదు.

శ్రమను బట్టి సాధన

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది మహిళలకు బీడీలు చుట్టడమే జీవనాధారం. ఒడిలో చాట పెట్టుకుని, తల వంచి గంటల తరబడి కూర్చోవడం వల్ల మెడ, భుజాలు, నడుము పట్టేస్తాయి. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే కార్మికులది మరో రకం శ్రమ. రోజంతా నిలబడి, తెగిన పోగులు అతుకుతూ, కండెలు మారుస్తూ మగ్గాల మధ్య తిరగవలసి ఉంటుంది. కాళ్ల వాపులు, నడుము నొప్పి వీరిని బాధిస్తాయి. కూర్చుని పనిచేసే వారికి ఛాతీని, వెన్నును సాగదీసే ఆసనాలు అవసరం. నిలబడి పనిచేసే వారికి కాళ్లకు విశ్రాంతినిచ్చే సాధన మేలు. కనుక చేరిన రోజే అభ్యాసకుని వృత్తి, వయసు, వాడుతున్న మందుల వివరాలు అడిగే శిక్షకుడు నమ్మదగినవాడు. ఏమీ అడగకుండా అందరితో ఒకే వరుసలో నిలబెట్టే చోట జాగ్రత్త వహించాలి.

బోర్డుపై పేర్లకు అర్థం

నగరంలోని కేంద్రాల బోర్డులపై హఠ, అయ్యంగార్, అష్టాంగ విన్యాస, పవర్ యోగా వంటి పేర్లు కనిపిస్తాయి. వీటిలో పలు పద్ధతుల మూలాలు మైసూరులో ఉన్నాయి. తిరుమలై కృష్ణమాచార్య 1930వ దశకంలో అక్కడి జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. ఆయన శిష్యుడైన బి.కె.ఎస్. అయ్యంగార్ 1975లో పుణెలో సంస్థను నెలకొల్పారు. బెల్టులు, చెక్క దిమ్మెలు, కుర్చీలు, తాళ్ల సాయంతో ఆసనాలు వేయించడం ఈ పద్ధతి ప్రత్యేకత. మోకాళ్లు వంగని పెద్దలకు, నొప్పులున్న వారికి ఇది అనుకూలం. మరో శిష్యుడు పట్టాభి జోయిస్ ప్రచారంలోకి తెచ్చిన అష్టాంగ విన్యాస వేగంగా సాగుతుంది. శరీర దారుఢ్యం ఉన్న యువతకే అది తగినది. పవర్ యోగా కూడా దాదాపు ఇదే కోవకు చెందుతుంది.

ఆదరణ అనే మాటకు ఇదే మైసూరు యోగశాల చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఇంద్రాదేవి అనే యూరప్ మహిళకు నేర్పడానికి కృష్ణమాచార్య మొదట నిరాకరించారు. ఆమె స్త్రీ కావడం, విదేశీయురాలు కావడం అందుకు కారణాలు. మహారాజు చెప్పిన మీదట ఆయన అంగీకరించారు. ఆమే 1940వ దశకం చివర్లో అమెరికాలోని హాలీవుడ్‌లో యోగా స్టూడియో తెరిచారు. నేడు నగరాల్లోని పలు తరగతుల్లో మహిళలే అధిక సంఖ్యలో కనిపిస్తున్నారు.

హైదరాబాద్‌లో ఎక్కడ?

దోమలగూడలోని రామకృష్ణ మఠం 1973లో ఏర్పడింది. మఠం ఆధ్వర్యంలో 2000లో ప్రారంభమైన వివేకానంద మానవ వికాస కేంద్రం యోగా, ధ్యాన తరగతులు నిర్వహిస్తోంది. అమీర్‌పేట, బేగంపేట ప్రాంతంలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, దానికి అనుబంధంగా గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉన్నాయి. వ్యాధులతో బాధపడే వారు స్టూడియోలో చేరడానికి ముందు ఇటువంటి చోట యోగా, ప్రకృతి వైద్య పట్టభద్రులైన డాక్టర్లను సంప్రదించడం మంచిది. ఈ ప్రాంతం నుంచి వెళ్లే వారు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషన్ నుంచి మెట్రో రైలులో నేరుగా బేగంపేట, అమీర్‌పేట చేరుకోవచ్చు.

రుసుము భరించలేని వారికి పార్కులే ప్రత్యామ్నాయం. ఉదయం వేళ నగరంలోని ఉద్యానవనాల్లో బృందాలుగా యోగా చేసేవారు కనిపిస్తారు. కొత్తవారు రెండు రోజులు పక్కన నిలబడి గమనించి, ఆ తర్వాత పెద్దల అనుమతితో కలవవచ్చు. ధ్యానం మాత్రమే కోరుకునే వారికి నగర శివార్లలో, రంగారెడ్డి జిల్లాలోని కన్హా శాంతివనం ఉంది.

చేరే ముందు అడగవలసినవి

* తెలుగులో బోధిస్తారా? సూచన అర్థంకాకపోతే పక్కవారిని చూసి అనుకరించవలసి వస్తుంది. గాయాలకు ఇదే దారి.
* ఒక రోజు ఉచితంగా, లేదా ఒక రోజు రుసుముతో చూసే వీలుందా?
* చీర, పంజాబీ డ్రెస్, లుంగీ వంటి సాధారణ దుస్తులతో రావచ్చా? వదులైన నూలు దుస్తులు ఏవైనా సాధనకు సరిపోతాయి.
* మహిళలకు ప్రత్యేక సమయం, మహిళా శిక్షకులు ఉన్నారా? ఆసనం సరిదిద్దేటప్పుడు ముందుగా అనుమతి అడుగుతారా?
* కింద కూర్చోలేని వారికి కుర్చీపై నేర్పుతారా?
* శ్లోకాలు, ప్రార్థన తప్పనిసరా? ఇతర మతస్థులు మౌనంగా ఉండవచ్చా?
* ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు?

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా సమాధానం చెప్పడమే కేంద్రం ఆదరణకు తొలి గుర్తు.

శిక్షకుని అర్హత

కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలో 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు ఏర్పాటైంది. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, మాస్టర్ తదితర స్థాయుల్లో బోర్డు ధ్రువపత్రాలు జారీ చేస్తుంది. ఇది తప్పనిసరి కాదు. ధ్రువపత్రం లేనంత మాత్రాన శిక్షకుడు పనికిరాడని భావించనవసరం లేదు. అయితే ఎక్కడ, ఎవరి వద్ద, ఎంతకాలం నేర్చుకున్నారో అడిగే హక్కు అభ్యాసకులకు ఉంది. రోగం పూర్తిగా నయమవుతుందని, మందులు మానేయమని చెప్పేవారికి దూరంగా ఉండాలి.

వీరు జాగ్రత్త

అధిక రక్తపోటు, గ్లాకోమా ఉన్నవారు శీర్షాసనం వంటి తలకిందుల ఆసనాలు వేయరాదు. గుండె జబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు వేగంగా శ్వాస వదిలే కపాలభాతి, భస్త్రిక చేయకూడదు. వెన్నుపూస డిస్క్ సమస్య ఉంటే బలవంతంగా ముందుకు వంగరాదు. మోకీళ్లు అరిగిన వారు వజ్రాసనం, పద్మాసనం కోసం పట్టుబట్టనవసరం లేదు. భోజనం చేసిన మూడు, నాలుగు గంటల తర్వాతే సాధన చేయాలి. స్థిరంగా, సుఖంగా ఉండడమే ఆసన లక్షణమని పతంజలి యోగసూత్రాలు చెబుతున్నాయి. నొప్పిని ఓర్చుకోవడం సాధన కాదు.

రుసుము విషయంలో

రాయితీ ఆశతో ఏడాది సొమ్ము ఒకేసారి కట్టకుండా, మొదట నెలకే పరిమితం కావడం శ్రేయస్కరం. రసీదు తీసుకోవాలి. మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇచ్చే నిబంధనను రాతపూర్వకంగా కోరాలి. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బాధితులు తాము నివసించే చోటు పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నగరంలో చేరి సొంతూరికి తిరిగివచ్చిన వారికి ఇది ఊరట.

తిరిగి వచ్చాక

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న చేసిన తీర్మానం మేరకు 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ రోజు కోసం రూపొందించిన 45 నిమిషాల ఉమ్మడి ప్రోటోకాల్‌ను ఇంట్లోనే సాధన చేయవచ్చు. ఆయుష్ ఆరోగ్య కేంద్రాలుగా తీర్చిదిద్దిన డిస్పెన్సరీల్లో యోగా శిక్షకుల సేవలు కూడా ఉంటాయి. సమీప ఆయుష్ వైద్యాధికారిని అడిగి వివరాలు తెలుసుకోవచ్చు. నగరంలో నెల రోజులు శ్రద్ధగా నేర్చుకున్న నాలుగు ఆసనాలు, శ్వాస సాధన, శవాసనం ఇంటి వద్ద కొనసాగించడానికి ఒక చాప, అరగంట సమయం చాలు. బీడీల చాట పక్కన పెట్టిన తర్వాతనో, సాంచాల షిఫ్టు ముగిసిన తర్వాతనో రోజూ ఆ అరగంట కేటాయించగలిగితే నగరంలో చెల్లించిన రుసుముకు ఫలితం దక్కినట్లే.