లోహమునకు ఆయువెంత?

ఒక ఇనుపతీగను రెండు చేతులతో లాగి తెంపుట బలవంతునికి కూడ కష్టము. కాని దానినే ఒకచోట పట్టుకొని అటు నిటు పదే పదే వంచినచో చిన్న పిల్లవాడు కూడ విరువగలడు. మొదటి వంపునకు చెక్కుచెదరని తీగ, కొన్ని వంపులు గడచిన పిదప ఎందుకు విరుగవలెను? ఇది చిన్న ప్రశ్నవలె కనిపించును. కాని రైలుబండి ఇరుసు మొదలు విమానపు రెక్క వరకు, మనుష్యుల ప్రాణములు ఆధారపడియున్న ప్రతి యంత్రమునకు ఈ ప్రశ్న వర్తించును. ఒక వస్తువు నేడు ఎంత బరువు మోయగలదో తెలిసికొనుట ఒక ఎత్తు. అది ఎంతకాలము మోయగలదో తెలిసికొనుట మరియొక ఎత్తు. ఈ రెండవ విషయమును మానవుడు చాల నష్టమునకు ఓర్చి నేర్చుకొనవలసివచ్చినది.

విరిగిన ఇరుసులు

1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశములో వెర్సాయి నుండి పారిస్ నగరమునకు వచ్చుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగెను. పెట్టెలు ఒకదానిపై నొకటి పడి అంటుకొనెను. 50 మందికి పైగా మరణించిరి. చాలకాలము కదలికకు లోనైన ఇనుము స్ఫటికముగా మారి పెళుసగుచున్నదని ఆ కాలమున పలువురు ఇంజనీర్లు భావించుచుండిరి. ఆ భావము సరియైనది కాదు.

ఈ విషయమును ప్రయోగములతో తేల్చినవాడు జర్మనీ దేశపు రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వ్యోలర్. బరువు మోయుచున్న ఇరుసు కొద్దిగా వంగియుండును. అందువలన దాని ఒక ప్రక్క సాగును, ఎదుటి ప్రక్క నొక్కుకొనును. ఇరుసు అర్ధచుట్టు తిరుగగానే ఈ స్థితి తారుమారగును. అనగా ప్రతి చుట్టును మన తీగను ఒకసారి అటు నిటు వంచుట వంటిదే. ఒక మీటరు వ్యాసము గల చక్రము కిలోమీటరునకు సుమారు 318 సార్లు తిరుగును. 1,000 కిలోమీటర్లు నడచునప్పటికి ఆ ఇరుసు 3 లక్షల సార్లకు పైగా వంగినదన్నమాట!

వ్యోలర్ 1850 తరువాత రెండు దశాబ్దములపాటు, లోహపు కడ్డీలను బరువుతో త్రిప్పు యంత్రములను నిర్మించి, అవి ఎన్ని చుట్లకు విరుగునో లెక్కించెను. ఒక్కసారి పెట్టినప్పుడు కడ్డీని ఏమియు చేయలేని బరువే, లక్షల సార్లు పెట్టినప్పుడు దానిని విరిచెను. బరువు తగ్గించినకొలది ఆయువు పెరిగెను. ఇనుము, ఉక్కుల విషయములో బరువు ఒక హద్దునకు తగ్గినచో కడ్డీ ఎన్ని చుట్లకును విరుగకుండెను. పదే పదే కలుగు ఒత్తిడివలన లోహము ఇట్లు క్షీణించుటనే లోహపు అలసట అందురు. అల్యూమినియపు మిశ్రమలోహములకు మాత్రము అట్టి స్పష్టమైన హద్దు లేదు. విమానములు తయారగునది ముఖ్యముగా ఆ లోహములతోనే.

కామెట్ విమానములు

1952 మే 2వ తేదీన లండన్ నుండి జొహానెస్‌బర్గ్ నగరమునకు ప్రపంచములో మొట్టమొదటి జెట్ ప్రయాణీకుల విమానసేవ ప్రారంభమయ్యెను. ఆ విమానము బ్రిటన్‌లోని డి హావిలండ్ సంస్థ నిర్మించిన కామెట్. అది సుమారు 40,000 అడుగుల ఎత్తున ఎగురును. అచ్చటి గాలి మిక్కిలి పలుచన. అందుచేత లోపలి గదిని 8,000 అడుగుల ఎత్తున ఉండు గాలితో సమానమగు పీడనమున ఉంచవలెను. ఫలితముగా విమానపు పలుచని రేకుపై చదరపు అంగుళమునకు సుమారు 8¼ పౌనుల ఒత్తిడి లోపలినుండి పడును. విమానము పైకి పోయినప్పుడెల్ల రేకు ఉబ్బును, దిగినప్పుడెల్ల సడలును. ప్రతి ప్రయాణమును తీగకు ఒక వంపు.

1954 జనవరి 10వ తేదీన, తొలి సేవకు వెళ్ళిన ఆ కామెటే రోమ్ నుండి బయలుదేరిన కొద్దిసేపటికి ఎల్బా ద్వీపమువద్ద ఆకాశములో ముక్కలయ్యెను. 35 మంది మరణించిరి. కామెట్ల ప్రయాణములు నిలిపివేయబడెను. కారణము తేలలేదు. తోచిన మార్పులెన్నో చేసి, మార్చి 23న మరల వానిని నడిపిరి. పదునారు దినములకే, ఏప్రిల్ 8న, మరియొక కామెట్ నేపుల్స్ వద్ద సముద్రములో కూలెను. 21 మంది మరణించిరి.

నీటితొట్టిలో విమానము

ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనాలయమునకు ఈ పని అప్పగింపబడెను. డైరెక్టరు ఆర్నల్డ్ హాల్ నాయకత్వమున అచ్చటివారు ఒక పూర్తి కామెట్‌ను నీటితొట్టిలో ఉంచి, లోపల కూడ నీరు నింపి, ప్రయాణములోవలె పీడనమును హెచ్చించుచు తగ్గించుచు వచ్చిరి. రెక్కలను తొట్టి బయట ఉంచి యంత్రములతో ఊపిరి. గాలికి బదులు నీరెందుకు? నొక్కిన గాలిలో చాల శక్తి నిలువయుండును. రేకు చీలినచో విమానము బాంబువలె ప్రేలి, పగులు ఎచ్చట మొదలైనదో తెలియకుండ పోవును. నీరు దాదాపు నొక్కుకొనదు గనుక, చీలిన వెంటనే ఒత్తిడి పడిపోవును. సాక్ష్యము చెడదు.

ఆ విమానము అంతకుముందే 1,200కు పైగా ప్రయాణములు చేసియుండెను. అవియు, తొట్టిలోని కృత్రిమ ప్రయాణములును కలిసి 3,000 దాటిన పిదప, 1954 జూన్ నెలలో, ఒక కిటికీ మూలనుండి రేకు చీలెను. కిటికీ మూలలవద్ద ఒత్తిడి కూడుకొని, లోహపు విరుగుబలములో సుమారు 70 శాతమునకు చేరుచున్నదని పరీక్షలలో తేలెను. సముద్రమునుండి పైకి తీసిన శిథిలములు దీనిని సమర్థించెను. ఎల్బావద్ద కూలిన విమానములో పగులు పైకప్పునందలి ఏరియల్ కిటికీ మూలవద్ద మొదలైనది.

పరీక్ష నేర్పిన పాఠము

అయితే నిర్మాతలు ముందుగా పరీక్ష చేయలేదా? చేసిరి. విమానపు ముందుభాగమును ఒకదానిని వారు సుమారు 18,000 సార్లు పీడనమునకు గురిచేసిన పిదపగాని అది విరుగలేదు. మరి ఎల్బా విమానము 1,290 ప్రయాణములకు, నేపుల్స్ విమానము 900 ప్రయాణములకు ఏల కూలినవి?

రహస్యము పరీక్షించిన ముక్కలోనే కలదు. బలపరీక్షకై దానిని ముందుగా మామూలు పీడనమునకు రెండింతలకు గురిచేసిరి. దానివలన కిటికీ మూలలోని లోహము శాశ్వతముగా కొంచెము సాగెను. ఒత్తిడి తీసివేయగానే చుట్టునున్న లోహము దానిని నొక్కిపట్టెను. ఆ నొక్కుడువలన తరువాతి ఒత్తిడుల ప్రభావము తగ్గి ఆయువు పెరిగెను. ప్రయాణీకుల విమానములకు ఆ మేలు కలుగలేదు. పరీక్షింపబడినది ఒకటి, ఎగిరినది వేరొకటి! కావున ఆయుఃపరీక్షకు పెట్టు వస్తువు అన్నివిధముల వాడుకలోని వస్తువువంటిదే కావలెను.

రెండవ పాఠము సంఖ్యలలో కలదు. ఒకే నమూనాపై నిర్మించిన మూడు విమానములు 900, 1,290, 3,000 పైచిలుకు పర్యాయములకు విరిగినవి. వస్తువునకు ఆయువు ఒకే సంఖ్య కాదు. అది సంఖ్యల విస్తరణము. 1951లోనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు వాలొడ్డి వైబుల్ ఇట్టి విస్తరణములను వర్ణించు ఒక గణితసూత్రమును విశదీకరించెను. నేడు విశ్వసనీయతాశాస్త్రమున అది నిత్యము వాడబడుచున్నది. బాల్ బేరింగు ఆయువును చెప్పునప్పుడు కూడ ఒక్క బేరింగు లెక్క చెప్పరు. నూటికి 90 బేరింగులు చెడకుండ నిలుచు చుట్ల సంఖ్యను చెప్పుదురు. సగటును నమ్ముకొన్నచో అంతకుముందే చెడిపోవు వాని మాట యేమి? విమానప్రయాణీకునికి కావలసినది సగటు కాదు, తొలి పగులు ఎప్పుడన్నదే.

కిటికీలను మార్చి, రేకును బలపరచి నిర్మించిన కామెట్-4 విమానములు 1958 అక్టోబరు 4న అట్లాంటిక్ సముద్రముపై తొలి జెట్ ప్రయాణీకుల సేవను ప్రారంభించినవి. నేడు క్రొత్త నమూనా ప్రయాణీకుల విమానము నొకదానిని నేలపైననే నిలిపి, పీడనము హెచ్చించుచు తగ్గించుచు, రెక్కలు వంచుచు, వేలకొలది కృత్రిమ ప్రయాణములు చేయించుదురు. ఆ విమానము ఎన్నడును ఎగురదు. ఎగురు విమానములు విరుగకుండుటకై అది నేలపై అలసిపోవును. కామెట్లకు ముందు ఆ పరీక్ష తెలియక జరిగినది ఆకాశములో, ప్రయాణీకులతో.