పట్టాల ఎడం: నమూనా రైళ్ల చరిత్ర

19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో పిల్లలకు అమ్మిన ఇత్తడి రైలింజన్లకు పట్టాలే ఉండేవి కావు. స్పిరిటు దీపంతో చిన్న బాయిలరులో నీళ్లు మరిగించి వదిలితే అవి నేల మీద పరుగెత్తేవి. పోయినంత దూరం తడి చార వదిలేవి కాబట్టి ‘బర్మింగ్‌హామ్ డ్రిబ్లర్లు’ అనే పేరు పడింది. కాసేపు ఆడుకోవడానికి తప్ప ఏళ్ల తరబడి పెంచుకునే వ్యాపకానికి అవి పనికిరావు.

ఆ కొరత తీర్చింది జర్మనీలోని గోపింగెన్ పట్టణం. అక్కడ 1859లో మొదలైన మెర్క్లిన్ కంపెనీ మొదట్లో బొమ్మరిళ్లకు రేకు వంటసామాను చేసేది. 1891లో లీప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో కీ ఇస్తే నడిచే రైలుతోపాటు, ముక్కలుగా కొని ఒకదానికొకటి తగిలించుకునే పట్టాలను కూడా పెట్టింది. పట్టాల మధ్య ఎడానికి నంబర్లు ఇచ్చింది. 1వ నంబరు అంటే 45 మి.మీ.; తరవాత వచ్చిన 0 నంబరు 32 మి.మీ. ఈ ఏడు ఒక ఇంజను, వచ్చే పండక్కి నాలుగు పట్టాలు, ఆపైన ఒక స్టేషను: కొన్నదేదీ వృథా కాదు, కొనుగోలుకు అంతూ ఉండదు. ఇంతకన్నా తెలివైన వ్యాపార సూత్రం బొమ్మల బజారులో అరుదు. మిగతా తయారీదారులూ అవే కొలతలు పట్టుకున్నారు.

ఇంగ్లండులో నార్తాంప్టన్‌కు చెందిన బాసెట్-లోక్ కంపెనీ, న్యూరెంబర్గులోని బింగ్ కంపెనీ చేత అచ్చం ఇంగ్లిషు ఇంజన్లలా కనిపించే నమూనాలు చేయించి అమ్మింది. పెద్దవాళ్లు ఈ సరదాలోకి దిగింది ఇక్కడే. లండన్‌లో 1910లో పెట్టిన మోడల్ రైల్వే క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత జర్మన్ సరుకంటే జనం మొహం తిప్పుకున్నారు. మెకానో బొమ్మల సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో సొంత రైళ్లు తెచ్చి ఆ చోటు నింపాడు.

అయితే 32 మి.మీ. పట్టాలు గుండ్రంగా వేస్తే గదంతా నిండిపోయేది. అందుకని కొలతను సగం చేశారు. 1922లో బింగ్ కంపెనీ బల్ల మీద పట్టే రైలు తెచ్చింది. ఆ దారిలోనే 16.5 మి.మీ. ఎడం ప్రమాణమైంది. ఐరోపాలో, అమెరికాలో దాని మీద అసలు రైలులో 87వ వంతు ఉండే నమూనాలు నడిచాయి. బ్రిటన్‌లో చిక్కు వచ్చింది. అక్కడి సొరంగాలూ వంతెనలూ తొలినాటివి, ఇరుకైనవి. రైళ్లు కూడా చిన్నవి. 87వ వంతుకు కుదిస్తే లోపల ఆనాటి మోటారు పట్టదు. దాంతో బండిని 76.2వ వంతుకు పెంచి, పట్టాలను మాత్రం అలాగే ఉంచేశారు. 1938లో హార్న్‌బీ ‘డబ్లో’ రైళ్లతో ఆ రాజీ స్థిరపడింది. లెక్క ప్రకారం 1435 మి.మీ. అసలు గేజికి నమూనాలో 18.83 మి.మీ. రావాలి; ఉన్నది 16.5. ముందు నుంచి చూస్తే ఇంజను కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. 1960లలో కొందరు పట్టుదలగా 18.83 ప్రమాణాన్నే రాసుకుని, దానికి తగ్గ చక్రాలూ పట్టాలూ చేసుకున్నారు. అంగడిలో కొన్న ఇంజను ఆ పట్టాల మీద నడవదు. మోటార్లు ఏనాడో చిన్నవైపోయినా బ్రిటిష్ బజారు మాత్రం పాత రాజీనే పట్టుకు వేలాడుతోంది.

కుదింపు అక్కడితో ఆగలేదు. 1960ల తొలినాళ్లలో న్యూరెంబర్గుకు చెందిన ఆర్నాల్డ్ కంపెనీ 9 మి.మీ. పట్టాలు తెచ్చింది, 1972లో మెర్క్లిన్ 6.5 మి.మీ.కి దింపింది.

ఇంజను చుట్టూ ఊరు కట్టడం వేరే కథ. ఇంగ్లండులో జాన్ అహెర్న్ ‘మ్యాడర్ వ్యాలీ’ అనే ఊహాలోకపు లైను వేసి, ఇళ్లకూ వీధులకూ రైలుతో సమానమైన శ్రద్ధ పెట్టాడు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో జాన్ అలెన్ తన ఇంట్లో నమూనా రైలు చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా కొండలు లేపాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ ఇంట్లో నిప్పంటుకుని ఆ నమూనాలో చాలా భాగం కాలిపోయింది. హాంబర్గులో 2001లో తెరిచిన ‘మినియేచర్ వండర్‌లాండ్’ ఈ ధోరణికి ఇవాళ పరాకాష్ఠ.

భారతదేశంలో ఈ సరదా మొదట రాజుల ఇళ్లలో కనిపిస్తుంది. గ్వాలియర్ జయవిలాస్ మహల్ భోజనాల బల్ల మీద వెండి రైలు సింధియాల అతిథులకు మద్యం, చుట్టలు మోసుకొచ్చేది. సామాన్యులు టికెట్టు కొని చూసేందుకు పుణేలో 1998లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం తెరుచుకుంది. సొంతంగా చేసుకునేవారికి ఇక్కడా గేజి చిక్కే. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.; 87వ వంతు చేస్తే 19 మి.మీ. దాటుతుంది. సికింద్రాబాద్–విజయవాడ లైనును బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టాలతో వేసేవారు ఈ తేడాను చూసీ చూడనట్టు వదిలేయక తప్పదు. మీటరుగేజి రోజుల గుంటూరు–గుంతకల్లు లైను చేయదలిస్తే పని సులువు: లెక్కకు 11.5 మి.మీ. కావాలి, ఐరోపా మీటరుగేజి నమూనాల కోసం చేసే 12 మి.మీ. పట్టాలు దాదాపు సరిపోతాయి.