చట్టసభల్లో రైతు పక్షం: ఎన్.జి. రంగా వ్యవసాయ వాదన

ఆచార్య ఎన్.జి. రంగా (గోగినేని రంగనాయకులు, 1900–1995) 1930లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు తొలిసారి ఎన్నికయ్యారు. 1991లో గుంటూరు లోక్‌సభ సభ్యుడిగా చివరిసారి సభ నుంచి బయటికొచ్చారు. ఈ రెంటి నడుమ కేంద్ర శాసనసభ, రాజ్యాంగ సభ, రాజ్యసభ, లోక్‌సభ అన్నింటిలోనూ కూర్చున్నారు. అర్ధ శతాబ్దం పాటు చట్టసభ సభ్యుడిగా ఉన్నందుకు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అంత కాలంలో ఆయన పార్టీలు కూడా చాలా మారారు. కాంగ్రెస్, తాను పెట్టిన కృషికార్ లోక్ పార్టీ, మళ్లీ కాంగ్రెస్, ఆ పైన స్వతంత్ర పార్టీ, చివరికి తిరిగి కాంగ్రెస్. ఈ వరుస చూసి ఆయనకు నిలకడ లేదనేవారున్నారు. పార్టీల పేర్లు పక్కనపెట్టి వ్యవసాయం మీద ఆయన ఏ పక్షాన నిలబడ్డారో చూస్తే మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే వాదన కనిపిస్తుంది. సాగు చేసుకునే భూమి మీద హక్కు, ఆ భూమిలో ఏం చేయాలన్న నిర్ణయం రెండూ రైతు చేతిలోనే ఉండాలన్నదే ఆ వాదన. అడ్డొచ్చింది జమీందారైనా, పరాయి సర్కారైనా, సొంత ప్రభుత్వమైనా ఆయన ఒకే తీరున ఎదిరించారు. ఆ వాదన బలమూ, అది వదిలేసిన మనుషులూ తెలిస్తేనే ఆయన పార్లమెంటరీ జీవితం అర్థమవుతుంది.

రంగా పుట్టిన నిడుబ్రోలు కృష్ణా డెల్టా ఊరు. అక్కడ రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు లేడు. పట్టా రైతు పేరిటే ఉంటుంది, శిస్తు నేరుగా ఖజానాకు పోతుంది. రైత్వారీ అంటే ఇదే. పేరుకు రైతు స్వతంత్రుడే అయినా, ముప్పై ఏళ్లకోసారి శిస్తును తిరగరాసే అధికారం ప్రభుత్వానిది. 1920ల చివర్లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో రీసెటిల్‌మెంట్ పేరుతో శిస్తును 18¾ శాతం పెంచాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. సరిగ్గా అప్పుడే ప్రపంచ మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెబుతున్న రంగాను రాజకీయాల్లోకి లాగింది ఈ లెక్కే. పంట అమ్మితే వచ్చేది తగ్గుతుంటే కట్టాల్సింది పెరగడం ఏ శాస్త్రానికీ అందని సంగతి. రైతు సంఘాలు కట్టడం, నిడుబ్రోలులో రైతు కార్యకర్తల కోసం పాఠశాల నడపడం, 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు కాగా తాను ప్రధాన కార్యదర్శి కావడం, ఇవన్నీ దానికి కొనసాగింపు. ఆయనకు శాసనసభ, ఊళ్లోని సంఘం వేరువేరు పనులు కావు.

జమీందారీ ప్రాంతాల్లో రైతుకు రైత్వారీలో ఉన్నపాటి భద్రత కూడా లేదు. 1937లో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి అసలు హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ తేల్చింది. ఆంధ్ర రైతు ఉద్యమం ఏళ్లుగా చెబుతున్నదీ ఇదే. పదేళ్ల తర్వాత, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఇక్కడి నుంచే రంగా వాదనకు ఒక తాత్విక పునాది ఏర్పడిందని చెప్పాలి. భూమి దున్నేవాడిదే అయితే, మధ్యవర్తి పోయిన చోట ప్రభుత్వం మరో మధ్యవర్తిగా వచ్చి కూర్చోకూడదు. రాజ్యాంగ సభలో ఆయన ప్రసంగాలది కూడా ఈ ధోరణే. దేశంలో అసలు మైనారిటీలు తమ హక్కులు తాము కాపాడుకోలేని గ్రామీణ సామాన్యులేనని ఆయన అక్కడ వాదించారు. అధికారమంతా ఢిల్లీలో పోగుపడడాన్ని ఆయన ఒప్పుకోలేదు, గ్రామ పంచాయతీలకు చోటు కావాలన్నవారి పక్షాన నిలిచారు.

ఆ వాదనకు అసలు పరీక్ష 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో ఎదురైంది. భవిష్యత్తులో వ్యవసాయం ఉమ్మడి సహకార సేద్యంగా సాగాలని ఆ సభ తీర్మానించింది. భూములు కలిపేసి సాగు చేయాలి, యాజమాన్యం కాగితం మీద ఎవరిది వారికే ఉంటుంది, భూమిని బట్టి వాటా, పనిని బట్టి కూలి అందుతాయి. దీనికి ముందు 1956లో చైనా వెళ్లొచ్చిన రెండు భారత బృందాలు అక్కడి సహకార సేద్యం చూసి వచ్చాయి. 1958 చివర్లో ధాన్యం వ్యాపారాన్ని ప్రభుత్వం చేపట్టాలన్న నిర్ణయం కూడా జరిగింది. తీర్మానాన్ని విమర్శించినవారికి, ఉమ్మడి సేద్యంలో బలవంతం ఉండదనీ, ముక్కలు ముక్కలైన కమతాలతో దేశం కడుపు నిండదనీ నెహ్రూ జవాబిచ్చారు. ఈ జవాబును తేలిగ్గా తీసేయలేం. రెండెకరాల రైతుకు బోరు వేసుకునే శక్తి, మంచి ఎడ్లు కొనే శక్తి లేవన్నది నిజం. అయితే రంగా లేవనెత్తిన ప్రశ్న వేరు. గట్టు చెరిగిపోయాక కాగితం మీది యాజమాన్యానికి విలువేమిటి? ఏ పంట వేయాలో, ఎప్పుడు నీళ్లు పెట్టాలో ఒక కార్యదర్శి నిర్ణయిస్తే, నిన్నటి రైతు ఇవాళ తన పొలంలోనే కూలీ కాడా? కాంగ్రెస్‌లో ఉంటూ ఈ ప్రశ్న అడగడం సాధ్యం కాదని ఆయన పార్టీకి రాజీనామా చేశారు. అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టి దానికి తొలి అధ్యక్షుడయ్యారు. కాంగ్రెస్‌లోనే ఉండి ఈ తీర్మానాన్ని వ్యతిరేకించిన చరణ్ సింగ్ వాదన కూడా దాదాపు ఇదే.

అప్పట్లో దీన్ని మారుతున్న కాలం తెలియని పాతకాలపు మాటగా కొట్టేసినవారు చాలామంది. కానీ తర్వాత వచ్చిన ఆధారాలు రంగా వైపే మొగ్గాయి. 1950ల మధ్యలో ప్రభుత్వమే జరిపించిన వ్యవసాయ నిర్వహణ సర్వేల అంకెల్ని 1962లో అమర్త్యసేన్ పరిశీలించి, కమతం చిన్నదైన కొద్దీ ఎకరా దిగుబడి ఎక్కువగా ఉంటోందని ఎత్తి చూపారు. ఇంటిల్లిపాదీ పొలంలో పడే శ్రమకు కూలి లెక్క ఉండదు కాబట్టి ఆ ఫలితం వస్తుందన్నది ఆయన వివరణ. పోలండ్ 1956 తర్వాత తన సామూహిక క్షేత్రాల్లో చాలా వాటిని రద్దు చేసుకుంది. చైనా 1958లో కమ్యూన్లలోకి వెళ్లి ఘోరమైన కరువు చూసింది. భారతదేశంలో ఉమ్మడి సేద్యం కొన్ని ప్రయోగ సంఘాలను దాటి ఎన్నడూ ముందుకు పోలేదు. చిన్న రైతుకు చేయూత కావాలన్న నెహ్రూ ఆలోచన సరైనదే. ఆ చేయూత కోసం గట్టు చెరపాల్సిన అవసరం లేదని రుజువైంది. పరపతి సంఘాలు, పాల సంఘాలు గట్టు జోలికి పోకుండానే పనిచేశాయి.

రంగా వాదన రాజ్యాంగాన్ని నేరుగా తాకింది పదిహేడో సవరణ సందర్భంలో. 1961 డిసెంబరులో కున్హికోమన్ కేసులో సుప్రీంకోర్టు, ఎస్టేట్లను తీసుకునే చట్టాలను ప్రాథమిక హక్కుల సవాలు నుంచి కాపాడే రాజ్యాంగం 31ఎ అధికరణంలోని ‘ఎస్టేటు’ కిందికి రైత్వారీ భూములు రావని చెప్పి, కేరళ భూసంస్కరణ చట్టాన్ని ఆ భూములకు చెల్లకుండా చేసింది. దీన్ని దాటడానికి కేంద్రం ఎస్టేటు నిర్వచనంలో రైత్వారీ భూమిని కూడా చేరుస్తూ సవరణ తెచ్చింది. ఒకప్పుడు జమీందారీలను తీసేయడానికి చేసిన ఏర్పాటును ఇప్పుడు గుంటూరు, కృష్ణా, కర్నూలు జిల్లాల పట్టాదారు మీద కూడా వాడొచ్చన్నమాట. 1962 ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి లోక్‌సభకు వచ్చిన రంగా, స్వతంత్ర పార్టీ నాయకుడిగా దీన్ని తీవ్రంగా ఎదిరించారు. జమీందారు వసూలుదారు, రైతు సాగుదారు, ఇద్దరినీ ఒకే పేరుతో పిలవడం అన్యాయమన్నది ప్రతిపక్షం పట్టు. 1964 ఏప్రిల్‌లో అవసరమైన సంఖ్యాబలం లేక బిల్లు లోక్‌సభలో వీగిపోయింది. నెహ్రూ మరణించాక, జూన్‌లో మళ్లీ పెట్టి గెలిపించారు. అయితే ఆ సవరణలోనే ఒక షరతు చేరింది. సొంత సాగులో ఉండి, భూ పరిమితికి లోబడిన పొలాన్ని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. ఇది రంగా ఒక్కరి విజయమనడం అతిశయోక్తి. పార్టీలకు అతీతంగా రైతు నేపథ్యం ఉన్న సభ్యులు చాలామంది అదే భయం వెలిబుచ్చారు. అయినా జమీందారుకూ సాగుదారుకూ మధ్య ఆయన ఏళ్లుగా గీస్తూ వచ్చిన గీత చివరికి రాజ్యాంగం పాఠంలోకి ఎక్కిందన్నది కాదనలేని సంగతి.

ఇక ఆయన మీద ఉన్న అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది, ఆయన ‘రైతు’ అన్నప్పుడు కళ్లముందున్నది భూమిగల డెల్టా రైతేనన్నది. కమ్యూనిస్టులు ఈ మాట 1940ల నుంచీ అంటూ వచ్చారు. ఆయన కిసాన్ సభ నుంచి విడిపోవడానికి కారణాల్లో ఇదొకటి. ఈ విమర్శకు లెక్కల ఆధారం కూడా ఉంది. 1961 ఆంధ్రప్రదేశ్ చట్టంలో భూ పరిమితి నేల తరగతిని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. అంత ఎత్తున ఉన్న పరిమితికి లోపలి భూమికి రక్షణ అంటే, అందులో చిన్న రైతుతో పాటు పెద్ద భూస్వామి కూడా ఇమిడిపోతాడు. 1973 చట్టం వచ్చి పరిమితిని మాగాణికి 10–27 ఎకరాలకు, మెట్టకు 35–54 ఎకరాలకు దించింది. రంగా వాదన ప్రకారం మొదట కోరాల్సింది ఇలాంటి తగ్గింపే, ఎందుకంటే వందల ఎకరాలను ఏ కుటుంబమూ చేతులారా దున్నుకోలేదు. ఆయన రాజకీయ శక్తిని ఈ వైపు పెట్టలేదు. ఇది చిన్న లోపం కాదు. అంతమాత్రాన వాదనే తప్పనడానికి కూడా వీల్లేదు. సాగుదారు హక్కు అనే సూత్రాన్ని నిజాయితీగా చివరిదాకా లాగితే అది భూస్వామిని వదిలి కౌలుదారు దగ్గరికి చేరుతుంది. సూత్రం వెళ్లినంత దూరం ఆయన వెళ్లలేదన్నదే సరైన విమర్శ.

జమీందారీలతో పోరాడినవాడు రాజులతో కలిశాడన్నది మరో అభ్యంతరం. బీహారులో రామగఢ్ రాజా, జైపూర్ మహారాణి గాయత్రీదేవి స్వతంత్ర పార్టీలో ముఖ్యులే. 1967లో ఆ పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఆ బలంలో రైతు ఓటుతో పాటు సంస్థానాల పలుకుబడి కూడా పనిచేసింది. ఆ ఎన్నికలో రంగా గెలిచింది శ్రీకాకుళం నుంచి. ఈ పొత్తు ఆయన మాటకు సభలో బలం ఇచ్చినా, ఊళ్లో నమ్మకం తగ్గించిందని నా అంచనా. 1971లో పార్టీ 8 స్థానాలకు కుంగిపోవడం వెనక దాని పాత్ర కూడా ఉంది. ఇక కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లడాన్ని అవకాశవాదం అనాలంటే, ఆయన వ్యతిరేకించిన విధానం అప్పటికి ఏమైందో చూడాలి. 1965లో సి. సుబ్రహ్మణ్యం వ్యవసాయ మంత్రిగా ఉండగా వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థ ఏర్పడ్డాయి. ప్రభుత్వ ఆలోచన ఉమ్మడి సేద్యం నుంచి రైతుకు విత్తనం, ఎరువు, గిట్టుబాటు ధర ఇవ్వడం వైపు మళ్లింది. ఆయన బయటికి నడిచిన కారణం 1970ల నాటికి మిగల్లేదు. 1977లో రాజ్యసభకు, 1980, 1984, 1989లలో గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్లింది ఈ మారిన కాంగ్రెస్ నుంచే.

1991లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. ఆయన మరణించిన మరుసటి ఏడు, 1996లో, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. వీటికన్నా గట్టి గుర్తు చట్టంలో ఉంది. 1978లో నలభై నాలుగో సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. 31ఎ కింద సాగు రైతుకు మార్కెట్ ధర హామీ ఇచ్చే షరతును మాత్రం తాకలేదు. అది నేటికీ ప్రాథమిక హక్కుల భాగంలోనే ఉంది. భూమి తన పేరిట ఉండి సొంతంగా సాగు చేసేవారికే అది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనూ, 2019లోనూ చేసిన సాగుదారు చట్టాలు రుణం, బీమా, సాయం అందేలా కౌలు రైతుకు గుర్తింపు ఇచ్చాయి తప్ప, ఆ రక్షణను అతని దాకా తీసుకురాలేదు.