దయగా దక్కిన పదవులు, ఫొటో చూసి ఇచ్చిన ఉద్యోగాలు

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, ఇండియనోలా పట్టణం. 1902లో అక్కడి తెల్లవాళ్లు సభ పెట్టి, పోస్టుమిస్ట్రెస్ మిన్నీ కాక్స్ రాజీనామా చేయాలని పట్టుబట్టారు. ఆమె పనిలో లోపం లేదు. ఉన్న 'లోపం' ఒక్కటే, ఆమె నల్లజాతి మహిళ. బెదిరింపులు ముదరడంతో 1903 జనవరి 1 నుంచి తప్పుకుంటానని ఆమె రాసిచ్చారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ రాజీనామాను ఆమోదించలేదు. పోస్టాఫీసునే మూయించి, ఆమె జీతం మాత్రం కొనసాగించాడు. 1904లో పదవీకాలం ముగిశాక ఆమె మళ్లీ ఆ కుర్చీలోకి రాలేదు.

గెలిచిన పార్టీ తన వాళ్లకు ప్రభుత్వ ఉద్యోగాలు పంచిపెట్టడం అమెరికాలో పాత ఆనవాయితీ. పదవి ఆశించి భంగపడ్డ ఒకడు 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు. ఆ తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, కొన్ని ఉద్యోగాలకు పోటీ పరీక్ష పెట్టింది. కస్టమ్స్ కలెక్టర్ల వంటి పెద్ద పదవులు మాత్రం అధ్యక్షుడి చేతిలోనే ఉండిపోయాయి. వాటికి సెనేట్ ఆమోదం కావాలి.

బానిసత్వం రద్దయ్యాక నల్లవారు ఎక్కువగా రిపబ్లికన్ పార్టీ వెంట నడిచారు. 1890 నుంచి దక్షిణాది రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి రాజ్యాంగాలు మార్చి వారి ఓటు ఊడబెరికాయి. ఓటు పోయిన చోట మిగిలింది పార్టీ ఇచ్చే పదవి. అది ఎవరికి దక్కాలన్న విషయంలో రూజ్‌వెల్ట్ టస్కేగీ విద్యాసంస్థ అధిపతి బుకర్ టి. వాషింగ్టన్‌ను సంప్రదించేవాడు. అంటే ఒక జాతి ప్రాతినిధ్యం ఒక్క మనిషి సిఫారసు మీద ఆధారపడింది.

అలా దక్కిన పదవి ఎంత బలహీనమో డాక్టర్ విలియం క్రమ్ ఉదంతం చెబుతుంది. చార్లెస్టన్ రేవుకు ఆయనను కస్టమ్స్ కలెక్టర్‌గా రూజ్‌వెల్ట్ ప్రతిపాదిస్తే, దక్షిణ కరోలినా సెనేటర్ టిల్‌మన్ అడ్డుపడ్డాడు. 1905 దాకా ఆమోదం రాలేదు. 1909లో టాఫ్ట్ అధ్యక్షుడయ్యాడు. స్థానికంగా జాతి వ్యతిరేకత తీవ్రంగా ఉన్నచోట నల్లవారిని నియమించడం మంచిది కాదన్న అర్థంలో తన ప్రారంభోపన్యాసంలోనే చెప్పాడు. ఆ ఏడాదే క్రమ్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. చట్టం మారలేదు, అధ్యక్షుడు మారాడు, అంతే.

మరి పరీక్ష రాసి గెలిచినవారికి రక్షణ ఉందా? 1913లో డెమోక్రాట్ వుడ్రో విల్సన్ అధికారంలోకి రాగానే తపాలా, ఖజానా శాఖల్లో నల్ల ఉద్యోగులకు వేరే బల్లలు, వేరే భోజనాల గదులు, వేరే మరుగుదొడ్లు వచ్చాయి. ఖజానా రిజిస్ట్రార్ జేమ్స్ నేపియర్ రాజీనామా చేశారు. 1914లో సివిల్ సర్వీస్ కమిషన్ దరఖాస్తుకు ఫొటో జతచేయాలంది. అప్పటికే అర్హుల జాబితాలో పైనున్న ముగ్గురిలో ఎవరినైనా ఎంచుకునే స్వేచ్ఛ అధికారికి ఉంది. మార్కుల పక్కన ముఖం కూడా కనిపించాక, ఆ స్వేచ్ఛ వివక్షకు పనిముట్టయింది. నిబంధన ఎక్కడా 'నల్లవారు వద్దు' అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా పోయింది.

1914 నవంబరులో పత్రికా సంపాదకుడు విలియం మన్రో ట్రాటర్ బృందంతో వెళ్లి విల్సన్‌ను నిలదీశారు. విల్సన్‌కు ఆ స్వరమే నచ్చలేదు. మళ్లీ రావాలంటే వేరే ప్రతినిధితో రమ్మని పంపేశాడు. ఫొటో నిబంధన 1940 దాకా కొనసాగింది.

విల్సన్ పాలన మొదలైన 1913లోనే అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. మూడున్నర దశాబ్దాల తర్వాత ఆయన సారథ్యంలో రూపొందిన భారత రాజ్యాంగంలో, ఉద్యోగాల్లో ప్రాతినిధ్యం అధికరణ 16(4)గా చోటు చేసుకుంది. ఒకరి దయతో వచ్చిన కుర్చీని మరొకరి కోపం లాగేసుకోగలదు. పరీక్ష ఒక్కటే ఉన్నా, తుది ఎంపిక చేసే చేతికి కళ్లెం లేకపోతే ఫలితం అదే. ఇంటర్వ్యూ గదిలో 'తగిన అభ్యర్థి దొరకలేదు' అన్న మాట విన్న మనకు ఈ చరిత్ర కొత్తేమీ కాదు.