మే నెలలో గ్రాఫిక్స్ కార్డు

గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడెక్కుతుందో చెప్పే సమీక్షలు ఎక్కువగా ఏసీ గదుల్లోనే పుడతాయి. గదిని 20, 22 డిగ్రీల దగ్గర పెట్టి, అరగంట గేమ్ నడిపి, కార్డు 70 దాటలేదని రాస్తారు. అదే కార్డుతో మే నెల మధ్యాహ్నం తుళ్లూరులో, రేకుల కప్పు కింద ఆడితే ఆ లెక్క పనికిరాదు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే కార్డు మీదికి తోస్తుంది. ఆ గాలే 40 డిగ్రీలుంటే కార్డు తన వేడిని ఆ 40 మీద కలుపుకుంటుంది. దానికితోడు పత్తి తీతల రోజుల్లో గాల్లో తేలే నూగు, మిర్చి కల్లాల నుంచి వచ్చే దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి అట్ట కడతాయి. బ్రష్షుతో గీకితే బూడిద రంగు పొర ముక్కలుగా ఊడొస్తుంది. గీకినవాడికి తుమ్ములు మాత్రం ఓ పట్టాన ఆగవు.

వేడిని వదిలించుకోవడానికి ఉన్నవి రెండే దారులు: పుట్టిన వేడిని బయటికి తోలడం, లేదా అసలు తక్కువ పుట్టించడం. పరిశ్రమ చాలాకాలం మొదటి దారినే పట్టుకు వేలాడింది. సెకనుకు గీసే బొమ్మల లెక్కకు, అంటే ఫ్రేమ్ రేటుకు, హద్దు పెట్టడమనే రెండో దారి అంతకు ముందు నుంచీ ఉంది. కాకపోతే వేడి కోసమని ఎవరూ అనుకోలేదు.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ గేమ్‌లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. అది ముందుగా వేసుకున్న ఎత్తు కాదు. తెర మీద గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి ప్రాసెసర్‌కు తీరిక దొరికి ఆట పరుగందుకుంది. టీవీకి తగిలించే గేమ్ యంత్రాలకు టీవీయే హద్దు. అమెరికా, జపాన్‌లలో సెకనుకు 60, యూరప్‌లోనూ మన దేశంలోనూ 50. 1993లో వచ్చిన డూమ్ 35 ఫ్రేములు దాటదు. అప్పటి మానిటర్ 70 హెర్ట్జ్‌లో సరిగ్గా సగమది. 1996 నాటి క్వేక్ హద్దు 72. ఇవన్నీ ఆట నడక చెడకుండా పెట్టుకున్నవి. అప్పటి కార్డులకు వేడి బాధే లేదు. 1996లో ఊపేసిన త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డుకు ఫ్యాన్ కూడా ఉండేది కాదు.

మన దగ్గర చాలామంది ‘ఫ్రేమ్ లిమిటర్’ అన్న మాటను మొదట చూసింది జీటీఏ వైస్ సిటీ డిస్‌ప్లే మెనూలో. 2003లో పీసీకి వచ్చిన ఆ గేమ్ గుంటూరు, విజయవాడ నెట్ సెంటర్లలో ఏళ్ల తరబడి ఆడింది. లిమిటర్ ఆన్‌లో ఉంటే 30 ఫ్రేములు, ఆఫ్ చేస్తే కార్డు శక్తి కొద్దీ. ఆఫ్ చేయడం తెలిసినవాడికి నెట్ సెంటర్లో కాస్త గౌరవం దక్కేది. తర్వాతి శాన్ ఆండ్రియాస్‌లో అలా ఆఫ్ చేస్తే ఈత కొట్టడం లాంటివి తేడా చేసేవి. లిమిటర్ అక్కడ ఎందుకుందో అదే చెబుతుంది. ఇక కార్డు వేడెక్కితే క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ తిప్పడమే తెలిసిన వైద్యం. ఫ్రేములు తగ్గిస్తే వేడి తగ్గుతుందని అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు కాదనుకోండి. ఎన్ని ఎక్కువ ఫ్రేములు వస్తే అంత గొప్ప కార్డన్నది పత్రికలూ, కంపెనీలూ కలిసి నూరిపోసిన మాట.

ఆ పందెం ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలంటే 2003లోనే వచ్చిన ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రాను తలుచుకోవాలి. దాని ఫ్యాన్ రొదకు జనం డస్ట్‌బస్టర్ అని పేరు పెట్టారు. కంపెనీవాళ్లే దాన్ని ఆకులు ఊదే బ్లోయరుగా చూపిస్తూ తమ మీద తామే జోకు వీడియో తీసుకున్నారు. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. 2005 ప్రాంతం దాకా ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజీ కూడా తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాత ఈ వెసులుబాటు దాదాపు ఆగిపోయింది. 2010 మార్చిలో వచ్చిన జీటీఎక్స్ 480 ఏకంగా 250 వాట్ల కార్డు.

అదే ఏడాది జూలైలో స్టార్‌క్రాఫ్ట్ 2 విడుదలైంది. కొద్దిరోజులకే కార్డులు కాలిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. వింతేమిటంటే యుద్ధం జోరుగా సాగేటప్పుడు కాదు, మెనూ తెర దగ్గర. యుద్ధంలో వందల సైనికుల లెక్కలు చూడలేక ప్రాసెసర్ ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యంలో కార్డుకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. మెనూలో ఆ అడ్డు లేదు. చూసేవాడికి ఒక్కటే నిశ్చలమైన బొమ్మ, కార్డు మాత్రం దాన్నే సెకనుకు వందలసార్లు గీస్తూ కూర్చుంటుంది. బ్లిజార్డ్ సంస్థ ‘వేరియబుల్స్’ అనే సెట్టింగుల ఫైలులో రెండు వరుసలు కలుపుకోమని చెప్పింది: ఆటకు 60 హద్దు, మెనూలకు 30. ఫ్రేమ్ హద్దును వేడికి మందుగా ఒక పెద్ద కంపెనీ బాహాటంగా రాసిచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అయితే నేరమంతా గేమ్‌దే అనడం నాకు సబబుగా తోచదు. పూర్తి బరువు మోయలేక చచ్చే కార్డులో దుమ్మో, తయారీ లోపమో ఉండి తీరాలి. 2021 జూలైలో అమెజాన్ వారి న్యూ వరల్డ్ గేమ్ బీటాలో ఈవీజీఏ ఆర్టీఎక్స్ 3090 కార్డులు కొన్ని ప్రాణం విడిచినప్పుడు ఇదే తేలింది. ఆ కార్డుల టంకం పని సరిగా లేదని ఈవీజీఏ ఒప్పుకుంది. అమెజాన్ మెనూలకు హద్దు పెట్టింది. పదకొండేళ్ల తర్వాత కూడా మెనూయే!

హద్దు పెడితే వేడి ఎందుకు అంతగా దిగుతుంది? చిప్పు తినే కరెంటు దాని గడియారం వేగాన్నీ, వోల్టేజీ వర్గాన్నీ బట్టి ఉంటుంది. 2012లో కెప్లర్ తరంతో ఎన్విడియా కార్డులు అవసరాన్ని బట్టి గడియారాన్నీ వోల్టేజీనీ క్షణక్షణం మార్చుకోవడం నేర్చాయి. పని తగ్గితే రెండూ దిగుతాయి. అందుకే ఫ్రేములు తగ్గిన దామాషా కంటే వేడి ఎక్కువగా తగ్గడం కద్దు. అంతదాకా బొమ్మ చీలిపోకుండా వాడే వీసింక్ ఈ మేలును కొసరుగా ఇచ్చేది. కానీ దాంతో మౌసు కదలిక తెర మీదికి ఆలస్యంగా వచ్చేది. రష్యన్ ప్రోగ్రామర్ అలెక్సీ నికొలాయ్‌చుక్ రాసిన రివాట్యూనర్ ప్రోగ్రామ్‌లో అయితే ఒక గడిలో 60 అని కొడితే చాలు. ఎన్విడియా తన డ్రైవర్‌లోనే ఆ గడి పెట్టేసరికి 2020 జనవరి వచ్చింది.

ఎన్విడియాకు పోటీ అయిన ఏఎండీ ముందే మేలుకుంది. 2015 జూన్‌లో ఫ్రేమ్ రేట్ టార్గెట్ కంట్రోల్ తెచ్చింది. ఆ సెప్టెంబరులో దాని గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయిన రాజా కోడూరి మన తెలుగువాడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాడు, దర్శకుడు రాజమౌళికి బంధువు. ఆయన హయాంలో ఏఎండీ హైఆల్గో అనే చిన్న సంస్థను కొని, 2016 డిసెంబరులో రేడియాన్ చిల్ విడుదల చేసింది. ఆటగాడు మౌసు కదపకుండా నిలబడితే ఫ్రేములు తగ్గుతాయి, చెయ్యి కదిలితే మళ్లీ పెరుగుతాయి. ఒకే అంకె దగ్గర బిగించడం కంటే ఇది తెలివైన పని. మరుసటి ఏడాది అదే విభాగం నుంచి 295 వాట్ల వేగా 64 వచ్చిందన్నదీ చెప్పుకోవాలి. చల్లార్చే ఉపాయమూ, మండే కార్డూ ఒక్క పొయ్యి మీదే ఉడికాయి.

తుళ్లూరు కథ ఇంచుమించు ఈ ఏళ్లలోనే మలుపు తిరిగింది. 2015 అక్టోబరు 22న అదే మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన, 2017లో ఇనవోలు దగ్గర వీఐటీ ఏపీ తరగతులు. హాస్టళ్లతోపాటు గేమింగ్ ల్యాప్‌టాప్‌లూ వస్తాయి. సన్నటి ఒంట్లో చిప్పులన్నీ ఇరుక్కున్న ల్యాప్‌టాప్‌కు ఫ్రేమ్ హద్దు మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. ఊళ్లోని డెస్క్‌టాప్‌కు ఇంకో కారణం ఉంది. మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల దాకానే. పెద్ద కార్డును వదిలేసి ఆడుతుండగా కరెంటు పోతే, గేమ్ సేవ్ చేసుకునే లోపే కీచుమంటూ ఆగిపోతుంది. హద్దు పెట్టుకున్నవాడికి సేవ్ చేసుకునే నాలుగు నిమిషాలు మిగులుతాయి.

ఇప్పుడు ఎక్కువమంది ఆడేది ఫోన్‌లో. అందులో ఫ్యానే లేదు. బీజీఎంఐ గేమ్‌లో ‘ఎక్స్‌ట్రీమ్’ అంటే 60 ఫ్రేములు, ‘అల్ట్రా’ అంటే 40. ఎండలో ఎక్స్‌ట్రీమ్ పెట్టి కూర్చుంటే కాసేపటికి ఫోనే వెలుతురు తగ్గించి, ఫ్రేములు కోసేస్తుంది. ఈ కోత చెప్పకుండా చేస్తే ఏమవుతుందో 2022 మార్చిలో సామ్‌సంగ్ చూసింది. దాని గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీసు గుట్టుగా వేగం తగ్గిస్తోందని తెలిసి కొరియాలో పెద్ద గొడవైంది. చివరికి ఆ మీట వాడేవాళ్ల చేతికే ఇవ్వాల్సి వచ్చింది.

అదే ఏడాది వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్‌లో ఆ మీట మొదటి నుంచీ ఆటగాడి వేలికి అందేచోటే ఉంది. తెరను 40 హెర్ట్జ్‌కు దించే వీలూ త్వరలోనే వచ్చింది. వినడానికి 40 అంటే 30కి దగ్గరే అనిపిస్తుంది. కానీ ఫ్రేముకు పట్టే సమయం చూస్తే 30 దగ్గర 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7, 40 దగ్గర 25. అంటే కంటికి సరిగ్గా నడిమధ్య. 120 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకూ ఇది కలిసొస్తుంది, 120ని 40 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక. ఇక్కడి మేలో నేను మధ్యాహ్నం పూట 40 దగ్గరే ఆపుతాను, 60 రాత్రి పది దాటాకే.