ఫీజీవారి యంగోనా

ఫీజీ దీవులలో ఒక గ్రామమునకు క్రొత్తవారెవరైన పోవునపుడు వట్టిచేతులతో పోరు. ఎండిన వేళ్లకట్ట యొకటి కొనిపోయి గ్రామప్రభువు నెదుట నుంచుదురు. దీనిని 'సేవుసేవు' అందురు. ప్రభువు దానిని స్వీకరించిన పిమ్మటనే ఆగంతుకునకు ఊరిలో చొరవ కలుగును. ఆ వేరు పేరు యంగోనా. పసిఫిక్ సముద్రమునందలి ఇతర దీవులలో దీనినే 'కావా' యని పిలుతురు.

తాంబూలమిచ్చి శుభకార్యములకు పిలుచు మనకు ఈ మర్యాద క్రొత్తదిగా తోచదు. అంతేకాదు, ఆ మొక్కయు మన తమలపాకు, మిరియముల కుటుంబములోనిదే. అది విత్తనముతో మొలవదు, కొమ్మ నరికి నాటవలెను. కావున ఒక దీవినుండి మరియొక దీవికి మనుష్యుడు పడవలో వెంటగొనిపోగా వ్యాపించినదే కాని, తనంతట పోయినది కాదు.

కొన్నియేండ్లు పెరిగిన మొక్క వేరును త్రవ్వి, యెండబెట్టి, దంచి, ఆ పొడిని చన్నీట పిసికి వడగట్టుదురు. వచ్చెడి పానీయము బురదనీటి వన్నెతో నుండును. రుచి చేదు. ఒకటి రెండు గ్రుక్కలకే నాలుకయు పెదవులును తిమ్మిరెక్కును. పులియబెట్టినది కాదు గనుక దీనిని మన కల్లుతో పోల్చరాదు. త్రాగినవారు కేకలు వేయక, మెల్లగా మాటలాడుచు కూర్చుందురు. మితిమీరి త్రాగువారికి చర్మము పొలుసులుగా లేచుట మాత్రము కలదు.

ఇది మొదట అందరి పానీయము కాదు. పూర్వకాలమున దేవాలయములలో పూజారులు నేలపైనుంచిన లోతులేని పాత్రనుండి, చేతితో తాకక, వంగి పీల్చెడివారు. ప్రభువుల కొలువులో యువకులు వేరును నమలి పిండియిచ్చు పద్ధతియు నుండెడిది. 1835లో వచ్చిన క్రైస్తవ మిషనరీలకును వారి తరువాతివారికిని అది రోతగా తోచెను. క్రమముగా రోలు రోకలి దాని స్థానము నాక్రమించినవి.

కొలువు మర్యాద నేటికిని చూడదగినది. 'వేసి' యను గట్టికొయ్యతో తొలిచిన కాళ్లుగల పెద్ద గిన్నెను తానోవా యందురు. దానికి కట్టిన కొబ్బరిపీచు త్రాటిని, దాని కొసనున్న తెల్లగవ్వలను ప్రభువు వైపునకు చాపి యుంచుదురు. ఆ త్రాటిని ఎవ్వరును దాటరు. కలుపునంతసేపు సభ నిశ్శబ్దము. తొలి కొబ్బరిచిప్ప ప్రభువునకు, తరువాత వరుస తప్పకుండ తక్కినవారికి. చేతులు దొప్పవలె చేసి చప్పట్లు చరచి, చిప్ప నంతయు ఒక్కసారిగా త్రాగవలెను. చిప్ప ఖాళీ కాగానే 'మాదా' యని పలుకుదురు. 1953 డిసెంబరులో ఎలిజబెత్ రాణి సూవా నగరమునకు వచ్చినపుడు ఆమెకును ఈ చిప్పనే అందించిరి.

నిత్యము త్రాగునవి వేరుగ నున్నవి. లేత కొబ్బరినీళ్లు సరేసరి. నిమ్మజాతి చెట్ల ఆకులు వేసి కాచిన వేడినీరు అక్కడి పల్లెలలో తేనీటి వంటిది.

ఇక మనవారి సంగతి. 1879 మే 14వ తేదీన లియోనిడాస్ అను ఓడ తొలి భారతీయ కూలీలను ఫీజీకి చేర్చెను. 1916 వరకు పోయినవారు 60,000కు పైబడిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు నడిచినవి. వానిలో విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారును కలరు. చెరకుతోటలలో ఎముకలు విరుగ పనిచేసిన వీరును, వీరి బిడ్డలును యంగోనాను చేపట్టి, 'గ్రాగ్' అని పేరు మార్చిరి. గవ్వల త్రాడు లేదు, ప్రభువు లేడు. ఏ బేసినైనను చాలును. చెరకు నరికి వచ్చిన సాయంకాలము చాపపై కూర్చుండి త్రాగుదురు. పెండ్లియింట త్రాగుదురు, రామాయణ పారాయణము ముగిసిన తరువాతను త్రాగుదురు. పొడిగొట్టి పొట్లములు కట్టి అమ్ముటయు భారతీయ వర్తకులకు వ్యాపారమైనది.

చిప్ప ఒక్కటైనను భూమి ఒక్కటి కాలేదు. ఫీజీలో నేలలో 80 శాతమునకు మించి ఆదివాసుల వంశములదే. భారతీయ రైతు కౌలుదారు. కౌలు గడువు తీరినపుడు భూస్వామి యింటికి అతడు యంగోనా కట్ట పట్టుకొని పోవుటయు కలదు. మర్యాద దక్కినను కౌలు దక్కని కుటుంబము లెన్నియో. 1987లో సైన్యము రెండుమారులు ప్రభుత్వమును కూలద్రోయగా, వేలకొలది భారతీయులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయిరి. రెండవమారు సముద్రము దాటిన ఆ కుటుంబముల యిండ్లలో, శనివారము రాత్రి చుట్టములు చేరినపుడు, నేటికిని బేసినులో గ్రాగ్ కలుపుచున్నారు.